కోటయ్య మేస్త్రి పౌడరు డబ్బా

మొన్న పొద్దున మా కోడలు పసిదానికి నీళ్ళు పోసి, మంచం మీద పడుకోబెట్టి పౌడరు అద్దుతోంది. పక్కనే కూర్చుని చిక్కుళ్ళు తుంచుతున్న నాకు ఆ వాసన తగలగానే, దాని వెనకే వేడెక్కిన ఇంజనాయిలు వాసన కూడా వచ్చింది. ఇంట్లో ఇంజనూ లేదు, ఆయిలూ లేదు. అయినా నా చేతులు చీరకొంగుకి తుడుచుకున్నాను. పౌడరు వాసన వస్తే ఎవరికైనా పసిపిల్లలో, పెళ్ళివారో గుర్తుకొస్తారు. నాకు మాత్రం అద్దంకి బస్టాండు వెనక సందులో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పక్కకి వాలి నిలబడిన మోటారుసైకిలు, దాని పొట్ట మీద ఓపిగ్గా పౌడరు చల్లుతున్న కోటయ్య మేస్త్రి గుర్తుకొస్తారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఆయన గురించి నాలుగు పేజీలయినా రాయాలని ఎప్పటినుంచో ఉంది.

ఆ షెడ్డులో అడుగుపెట్టేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. అంతవరకూ పత్తి తీశాను, మిరపకాయలు కోశాను, కల్లాల్లో తొడిమలు తుంచాను. తొంభైల చివర్లో మా వైపు పత్తికి ఎన్ని రకాల పురుగులు పట్టాయో, వాటికి కొట్టిన మందులూ అన్ని రకాలు. ఒక ఏడు పత్తి తీస్తూ తీస్తూ ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరందక గట్టు మీద పడిపోయాను. ఇంక పత్తి చేలోకి గాని, మిరప కల్లంలోకి గాని పోతే బతకవని ఆసుపత్రిలో చెప్పారు. మా నేల మీద ఆడమనిషికి ఆ రెండూ వద్దంటే చేసే పని ఏముంటుంది? మా ఆయన జిన్నింగు మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆయన ఒక్కడి రెక్కల మీద ఇల్లు గడిచేది కాదు. కోటయ్య మేస్త్రి షెడ్డులో సామాన్లు కడిగే మనిషి కావాలని మిల్లులో ఎవరో అంటే విని వచ్చి చెప్పాడు. కిరసనాయిల్లో ఇనప సామాన్లు కడగాలి, షెడ్డు ఊడవాలి, చేతులూ బండ్లూ తుడవడానికి వాడే పత్తి పీచు చిక్కు తీసి పెట్టాలి. చేలోంచి నన్ను వెళ్ళగొట్టిన పత్తి ఇక్కడ మళ్ళీ చేతికొచ్చింది. ఈ పత్తి నన్నేమీ చెయ్యలేదు. ఈ పని కూడా పోతే ఇంకో పని లేదన్న సంగతి మాత్రం రోజూ షెడ్డు తలుపు తీసేటప్పుడు గుర్తుండేది.

కోటయ్య మేస్త్రి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట తక్కువ. ఏ బండి అయినా ఆయిలు కారుతోందని వస్తే మిగతా మెకానిక్కుల్లాగా వెంటనే స్పానరు తీసేవారు కాదు. ముందు ఇంజనంతా పొడి గుడ్డతో తుడిచేవారు. తర్వాత గూట్లోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి ఇంజను కవరు చుట్టూ చల్లి, బండి స్టార్టు చేసి, పీట వేసుకుని ఎదురుగా కూర్చునేవారు. తెల్లటి పౌడరులో ఎక్కడో ఒకచోట సన్నటి గోధుమరంగు చార మొదలయ్యేది. ఆయిలు పుట్టేది అక్కడ. కారేది ఎక్కడైనా కారుతుంది, పుట్టేచోటు ఒక్కటే ఉంటుంది అనేవారు. బాగుచేశాక కూడా మళ్ళీ పౌడరు చల్లి, అది తెల్లగా ఉందని చూసుకున్నాకే బండి ఇచ్చేవారు. ఎదురుగా టీకొట్టు నడిపే సుబ్బులు రోజూ ఒకే జోకు వేసేవాడు. "ఏం మేస్త్రీ, ఇవాళ ఏ బండికి పెళ్ళిచూపులు?" మేస్త్రి తలెత్తకుండానే, "నీ టీగిన్నెకి రాయమంటావా, ఆ కంతలు ఎక్కడున్నాయో తేలుతుంది" అనేవారు.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ఇంజను కవరుకి తొమ్మిది బోల్టులు ఉంటాయి. తలలన్నీ ఒకే రకం, కాళ్ళు మాత్రం ఒకే పొడుగు కాదు. అందుకని ఒక అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, బోల్టులు ఎక్కడెక్కడ ఉంటాయో అక్కడ కన్నాలు పొడిచి, విప్పిన బోల్టుని విప్పినట్టే ఆ కన్నంలో గుచ్చేవారు. ఒక్కో రకం బండికి ఒక్కో అట్ట, ఎప్పుడో చేసినవి, గోడకి మేకులకు వేలాడుతుండేవి. కన్నాల పక్కన ఏదో రాసి ఉండేది. నాకు అది చీమల బారు. మొదటి రోజే నాతో ఒకటే మాట అన్నారు: "అన్నీ కడుగు, అన్నీ సర్దు. అట్ట మీదున్న సామాను మాత్రం ముట్టుకోకు."

మూడు నెలలు ముట్టుకోలేదు.

ఆ రోజు షెడ్డులో ఉన్నది మాధవరావు గారి బండి. ఆయన ఊళ్ళు తిరిగి వైద్యం చేసే ఆర్.ఎం.పి. డాక్టరు. కుడివైపు కవరు దగ్గర ఆయిలు చెమర్చి ఆయన తెల్లప్యాంటు అంచులకి అంటుతోంది. చిన్న లీకే. కానీ అప్పటికే ఒక మెకానిక్కు కారుతోందని బిగించాడు, ఇంకా కారుతోందని ఇంకొకడు ఇంకా బిగించాడు. మేస్త్రి పౌడరు వేసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసి, లోపల కాగితం ప్యాకింగు నలిగిపోయిందన్నారు. ఆయిలు ఒలకకుండా బండిని ఎడమ పక్కకి గోడకి వాల్చి, కవరు విప్పి, బోల్టులు అట్టకి గుచ్చి, కొత్త ప్యాకింగు చెయ్యడానికి కూర్చున్నారు. మందపాటి కాగితాన్ని కవరు మీద పరిచి, అంచుల వెంట గుండు సుత్తితో చిన్నచిన్నగా కొడుతుంటే కాగితం అదే ఆకారంలో తెగివస్తుంది. ఆ టకటక వింటూ నేను కవరు కడిగి తళతళలాడించాను. పక్కనే అట్ట మీద బోల్టులు జిడ్డోడుతూ ఉన్నాయి. కడిగిన కవరుకి ఈ మురికి బోల్టులేంటనిపించింది. అంట్లు తోమే చెయ్యి కదా, ఆగలేదు. తొమ్మిదింటినీ లాగి కిరసనాయిలు గిన్నెలో వేసి, కడిగి, తుడిచాక అట్ట వైపు తిరిగాను. అప్పుడు తెలిసింది ఏం చేశానో.

ఏడు పొట్టివి, రెండు పొడుగువి. మేస్త్రి నావైపు వీపు పెట్టి కూర్చున్నారు. అడిగితే చెప్పేవారు. కానీ వద్దన్న ఒక్క పనీ చేశానని చెప్పాలి. చెప్పలేకపోయాను. ఇంట్లో గిన్నెల బల్ల మీద ఎలా సర్దుతాం, బరువైనవి కింద, తేలికవి పైన. అలాగే పొడుగు బోల్టులు రెండూ కింది కన్నాల్లో గుచ్చాను. బోల్టులు వెండిలా మెరుస్తున్నాయి. ఆయన వచ్చి అట్ట అందుకున్నప్పుడు, ఇవి కడిగింది ఎవరని అడుగుతారనుకున్నాను. అడగలేదు. నాకు ఆశ్చర్యమేసింది.

కవరు పెట్టి ఒక్కో బోల్టూ ఎక్కిస్తుండగా మాధవరావు గారు ఎవరిదో సైకిలు వెనక కూర్చుని వచ్చేశారు. గుండ్లకమ్మ అవతల ఒక ఊళ్ళో, పత్తికి మందు కొడుతూ రైతు పడిపోయాడట. నోట్లోంచి నురగ వస్తోందట. "బండి ఇచ్చెయ్ మేస్త్రీ, నీ పౌడరూ గీడరూ తర్వాత" అన్నారు. చల్లటి ఇంజను మీద పౌడరు వేసినా తేలేదేమీ లేదు. మేస్త్రి ఒక్క క్షణం తటపటాయించి, బోల్టులన్నీ ఇంకోసారి చేత్తో పట్టిచూసి, బిగుతుగానే ఉన్నాయని వదిలేశారు. బండి సందు దాటిపోయింది.

నేను అట్ట తీసి మేకుకి తగిలించబోయాను. వెనక్కి తిప్పాను. ఏళ్ళ తరబడి పొడుగు బోల్టులు పొడుచుకుని వచ్చిన చోట అట్ట వెనక రెండు నల్లటి జిడ్డు మచ్చలు, కన్నాల అంచులు చిరిగి ఉన్నాయి. ఆ రెండూ కింద లేవు. ఒకటి పైన, ఒకటి పక్కన. ఇంక అనుమానం కూడా లేదు. లోతులేని కన్నంలోకి పొడుగు బోల్టు పోతే అడుగు తగిలి ఆగిపోతుంది, చేతికి బిగుతుగానే ఉంటుంది, కానీ తల కవరుని నొక్కదు. లోతు కన్నంలో పొట్టిది రెండు చుట్లు పట్టుకుని, అదురుకి వదులైపోతుంది. మూడు నెలలు వింటూ ఉన్నాను కాబట్టి ఇదంతా నాకు తెలుసు. ఆ కవరు కిందే బ్రేకు పెడలు ఉంటుందని కూడా తెలుసు. ఆయిలు దాని మీదకి కారుతుంది, అక్కడ్నుంచి వెనక టైరు మీదకి. డాక్టరు గారు పోతున్నది చావుబతుకుల్లో ఉన్న మనిషి కోసం. నెమ్మదిగా పోరు.

అట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెబితే పని పోతుంది. చెప్పకపోతే, బోల్టులు బిగించింది నేను కాదు, మేస్త్రి. ఏం జరిగినా ఆయన చేతిపనే అంటారు. నన్ను ఎవరూ అడగరు. ఆ మాట నా బుర్రలోకి వచ్చింది. రాలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సుబ్బులు టీ తెచ్చిపెట్టి వెళ్ళాడు. మేస్త్రి గ్లాసు కోసం చెయ్యి చాపారు. ఆ చెయ్యి గ్లాసుకి జానెడు ఇవతల గాలిలో వెతికి, తర్వాత గ్లాసుని పట్టుకుంది. నేను చూశాను గాని, అదేంటో అప్పుడు పట్టించుకునే స్థితిలో లేను.

"మేస్త్రి గారూ, బోల్టులు నేను కడిగానండి. వరుస తప్పింది."

గ్లాసు కింద పెట్టారు. తిడతారని కళ్ళు దించుకున్నాను.

"ఏవి?"

"పొడుగువి రెండూ. అవి కిందకి పోయినయ్."

"వెళ్ళి ఎంతసేపయింది?"

"టీ రాకముందండి."

ఆయన లేచి స్పానర్లూ, గుడ్డా, ఆయిలు డబ్బా, పౌడరు డబ్బా సంచిలో వేసుకుని స్కూటరు తీశారు. "ఎక్కు" అన్నారు. ఎక్కాను. అద్దంకి బజారులో నేను ఒక మగవాడి బండి వెనక కూర్చోవడం అదే మొదలు. సందు మలుపు తిరుగుతూ, "ఎదురుగా ఏం వస్తుందో, పక్కనుంచి ఏం వస్తుందో చెబుతూ ఉండు. ఆపకు" అన్నారు. కోపంలో అన్నారేమో అనుకున్నాను. రోడ్డెక్కాక పత్తి బోరేలు నింపుకుని రోడ్డంతా ఆక్రమించుకుని ఒక లారీ వస్తోంది. మేస్త్రి పక్కకి తప్పుకోవడం లేదు. "లారీ అండీ" అని అరిచాను. అప్పుడు తిప్పారు. లారీ గాలికి నా కొంగు ఊడిపోయింది. ఇంకో ఫర్లాంగు పోయాక కుడి పక్కనుంచి గొర్రెలు. అరిచాను. తర్వాత ఎడ్లబండి. అరిచాను. మూడోసారికి నాకు అర్థమైంది. ఈయనకి కనబడటం లేదు. కడిగిన బోల్టులు మెరుస్తున్నా కనబడలేదు. అట్ట మీద చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ సరైన బోల్టు ఉంటుందన్న నమ్మకంతో ఆ చెయ్యి పనిచేస్తోంది. ఆ నమ్మకాన్నే నేను కిరసనాయిల్లో కడిగేశాను.

గుండ్లకమ్మ వంతెన మీదకి వచ్చేసరికి సిమెంటు మీద నల్లటి చుక్కలు కనిపించాయి. మొదట బారెడు దూరానికి ఒకటి, వంతెన చివరికి వచ్చేసరికి మూరెడుకి ఒకటి. ఆయన అడక్కుండానే చెప్పాను. "దగ్గరదగ్గరగా ఉన్నయ్యండీ." స్కూటరు ఇంకా వేగంగా పోయింది. కాలవ మలుపులో ఆ చుక్కలు ఒక్కసారి పాములా మెలికపడి, గట్టు దాకా పోయి మళ్ళీ రోడ్డెక్కాయి. మనిషి కోసం కాలవలోకి చూశాను. నీళ్ళూ, తూటాకూ తప్ప ఏమీ లేదు.

ఊళ్ళోకి పోయాం. ఒక ఇంటి ముందు జనం. బండి అరుగు పక్కన నిలబడి ఉంది, కింద అరచేయంత ఆయిలు మడుగు. మాధవరావు గారు లోపల్నుంచి వస్తూ కనిపించారు. ఆయన కుడికాలు చెప్పు నల్లగా నానిపోయి ఉంది. రైతుకి ఊపిరి ఆడుతోందని, ఆటోలో పెద్దాసుపత్రికి ఎక్కించారని, తను వెనకే వెళ్ళాలని గబగబా చెబుతూనే మేస్త్రిని చూసి మండిపడ్డారు. "కాలవ దగ్గర కాలు జారింది, తెలుసా? ఇంత అనుభవం పెట్టుకుని ఏం బిగించావయ్యా?"

తప్పు నాదండీ అని నేను నోరు తెరిచేలోపే మేస్త్రి సంచిలోంచి స్పానరు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు తియ్యి."

డాక్టరు గారు విస్తుపోయారు. "ఆవిడ చేతనా?"

"ఆవిడకి కళ్ళున్నాయండీ" అన్నారు మేస్త్రి. అంతమందిలో, మామూలుగా, వక్క అడిగినంత తేలిగ్గా అన్నారు. ఏడాదిగా ఆయన దాచుకున్న సంగతి అది. మేస్త్రికి చూపు లేదని తెలిస్తే బండ్లన్నీ కొత్త షాపుల వైపు తిరుగుతాయని దాచుకున్నారు.

బండిని అరుగుకి వాల్చారు. నేను చీర కుచ్చెళ్ళు దోపి కూర్చున్నాను. ఆటో ఏ దారిన పోయిందో, ఎంత దూరం పోయిందో అనుకుంటూ డాక్టరు గారు అటూ ఇటూ తిరుగుతున్నారు. జనంలోంచి ఎవరో, "ఆడది బండి విప్పుతుందిరా, ఇంక మనం వంట చెయ్యాల్సిందే" అంటే నలుగురు నవ్వారు. పొడుగు బోల్టులు రెండూ లాగి, పైన ఒకటి, పక్కన ఒకటి ఎక్కించాను, పొట్టివి కిందకి. అట్ట వెనక మచ్చలు కళ్ళ ముందే ఉన్నాయి. తర్వాత బిగించడం మొదలుపెట్టాను. మళ్ళీ కారకూడదన్న భయంతో పళ్ళు బిగబట్టి తిప్పుతున్నాను. మేస్త్రి చెయ్యి వచ్చి నా మోచేతి మీద పడింది.

"భయంతో బిగించకు అమ్మాయ్. మెత్తటి లోహం, మర పోతుంది. మణికట్టుతో తిప్పు. భుజం దాకా పోనివ్వకు. ఒకటి బిగించాక దాని ఎదుటిది."

అలాగే చేశాను. ఎదురెదురుగా, కొంచెం కొంచెం, మూడు చుట్లు. డబ్బాలో తీసుకొచ్చిన ఆయిలు పోశాం. తుడిచాను. మేస్త్రి పౌడరు డబ్బా ఇచ్చి చల్లమన్నారు. డాక్టరు గారు గడియారం చూసుకుంటున్నారు. "ఇందాక ఇది చెయ్యకుండానే ఇచ్చానండీ. మళ్ళీ ఇవ్వను" అన్నారు మేస్త్రి. బండి స్టార్టు చేశాం. ఇంజను వేడెక్కుతోంది. పౌడరు వాసనలో ఆయిలు వాసన కలిసి ముక్కుకి తగులుతోంది. జనం నవ్వులు ఆగిపోయాయి. అందరూ వంగి చూస్తున్నారు. మేస్త్రి మాత్రం బండి వైపు చూడటం లేదు, నా మొహం వైపు తిరిగి ఉన్నారు. కింది అంచు దగ్గర ఒకచోట మసకగా అనిపించి ఇంకా వంగి చూశాను. అది నా వేలిముద్ర.

"ఎలా ఉంది?"

"తెల్లగానే ఉందండీ."

"ఇంకాసేపు చూడు."

ఇంకాసేపు చూశాను. తెల్లగానే ఉంది. డాక్టరు గారు ఎక్కి వెళ్ళిపోయారు. ఆ రైతు బతికాడు. వారం తర్వాత మాధవరావు గారు షెడ్డుకి వచ్చి, బండి సంగతి ఎత్తకుండా మేస్త్రి కనురెప్పలు ఎత్తి చూసి, గుంటూరు కంటి ఆసుపత్రికి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. నీటికాసులన్నారు అక్కడ. పోయిన చూపు రాదు, మందు చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుందన్నారు. ఉన్నది నాలుగైదేళ్ళు నిలబడింది. ఆ చుక్కలు రోజూ రెండుపూటలా షెడ్డులో వేసింది నేనే.

నేను పని పోతుందని ఎదురుచూశాను. మర్నాడూ, ఆ మర్నాడూ ఆయన ఏమీ అనలేదు. అడగకుండా ఉండలేక, నన్ను మానెయ్యమంటారా అని అడిగాను. ఆయన గోడ మీది అట్ట తీసి నా ముందు పెట్టారు. "ఇది నేను రాసుకున్నదే. నాకు అక్షరాలు వచ్చు, కనబడవు. నీకు కనబడతాయి, రావు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు అవుతాం. మానేస్తే ఎట్టా?" అన్నారు. ఆ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టారు. ఎండ మండే వేళ బండ్లు రావు. ఆయన నా వేలు పట్టుకుని ఇసక పోసిన పళ్ళెంలో దిద్దించేవారు. వేళ్ళకి అలవాటైన అక్షరాలకి కళ్ళతో పని లేదనేవారు. పొడుగు, పొట్టి అన్నవి నేను మొట్టమొదట చదివిన మాటలు. సుబ్బులు టీ తెచ్చి, "మేస్త్రీ, ఈవిడ పదో తరగతి పాసయితే నాకు చెప్పు, లడ్డూలు నేను పెడతా" అనేవాడు. పదో తరగతి నేను రాయలేదు. కానీ ఏడాది తిరిగేసరికి స్పేరుపార్టుల డబ్బాల మీద పేర్లు చదివాను, రెండేళ్ళకి ఆయనకి పేపరు చదివి వినిపించాను. షెడ్డుకి వచ్చేవాళ్ళు మేస్త్రి చెబుతుంటే అంజమ్మ బిగిస్తుందని చెప్పుకునేవాళ్ళు. కొందరు రావడం మానేశారు. చాలామంది వచ్చారు.

నేను ఇప్పటికీ సీసామూత కూడా మణికట్టుతోనే బిగిస్తాను. కోపం వచ్చినప్పుడు, భయం వేసినప్పుడు ఆ చెయ్యి నా మోచేతి మీద పడినట్టే ఉంటుంది. తప్పు చేస్తే బండి సందు దాటకముందే చెప్పెయ్యాలన్నది మాత్రం ఆ రోజు నా అంతట నేనే నేర్చుకున్నాను, కాస్త ఆలస్యంగా.

ఆ అట్ట నా దగ్గరే ఉంది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన దాన్ని వెనక్కి తిప్పి, ఆ రెండు మచ్చల కింద రాయమన్నారు. షెడ్డు నుంచి వెళ్ళి తిరిగొచ్చిన పని ఏదైనా ఉంటే అది చేసినవాళ్ళ పేరుతో అక్కడ రాసి ఉండాలని ఆయన నియమం. ఆయన చెబుతుంటే పెన్సిలుతో రాశాను. "వరుస తప్పించింది అంజమ్మ." నేను జన్మలో రాసిన మొదటి వాక్యం అది. పెన్సిలు కింద పెట్టబోతే, ఇంకోటి ఉంది రాయమన్నారు. "చూపు లేదని చెప్పకుండా బిగించింది కోటయ్య." నేను రాయనన్నాను. ఆయన అట్ట నా ముందునుంచి తియ్యలేదు. టీ చల్లారిపోయింది. ఎండ షెడ్డులోంచి బయటికి జరిగింది. మొదటి వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాక ఆలస్యమైంది. రెండోదానికి చెయ్యి వచ్చింది, మనసు రాలేదు. ఆ వాక్యంలో అక్షరాలు అట్టకి అవతల పక్కకి దిగేంత గట్టిగా పడ్డాయి. ఆయన వాటి మీద వేలు పెట్టి తడిమి చూసి, "భుజంతో రాశావే" అన్నారు.